ఎండ ఏ శాఖ కిందికి వస్తుంది?

విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరిన అధ్యాపకులు కొందరు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. వాతావరణ మార్పు మీద అన్ని శాఖలూ కలిసి పనిచేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. "ఎక్కడ మొదలుపెట్టమంటారు సార్?" అని అడిగారు. కాఫీ చల్లారేలోపు చెప్పగలిగే జవాబు కాదు. అందుకని రాస్తున్నాను.

నేను రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి. ఎప్పుడు ఏ మెట్టు ఎక్కానో, ఏ కమిటీలో కూర్చున్నానో మీకు అనవసరం. ఒక్క థీసిస్ గురించి చెబుతాను. ముప్పై ఏళ్లకు పైగా చేసిన ఉద్యోగంలో, ఈ విషయంలో నాకు తెలిసిందంతా దాని దగ్గరే తెలిసింది.

గట్టు ఎవరిది

ముందు మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. మాది ఒకప్పుడు ఒక చిన్న ఎస్టేటు. జమీందారీల రద్దు చట్టం వచ్చి అది పోయిందని మా చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజం కాదు. చట్టం వచ్చేనాటికే సగం పోయింది. మా తాతగారూ, ఆయన తమ్ముడూ ఒక కాలవ గట్టు ఎవరిదన్న దాని మీద కోర్టుకెక్కారు. దావా తేలేదాకా ఆ గట్టు మీద ఎవరూ పార వేయకూడదన్నారు. ఒక వానాకాలం గట్టు తెగింది. రెండు వైపులా పొలాలు ఇసక మేట వేశాయి. తర్వాత గట్టు మాదేనని తీర్పు వచ్చింది. అప్పటికి గట్టు లేదు.

మాకు మిగిలినవి ఇంటిపేరూ, నిటారుగా నిలబడే అలవాటూ. రెండింటినీ నేను జాగ్రత్తగానే కాపాడుకున్నాను. వెనకాల నన్ను "రాజావారు" అని ఎగతాళి చేసేవారని తెలుసు. చేసుకోనీ అనుకున్నాను.

ఇదంతా ఎందుకంటే, విశ్వవిద్యాలయంలో శాఖల తగువులు చూసినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఏ గది ఎవరిది, ఏ పరికరం ఎవరిది, ఏ విద్యార్థి ఎవరిది అని కొట్లాడుకుంటాం. గట్టు తెగేది మాత్రం ఎవరికీ పట్టదు. సరిహద్దు తప్పని నేననను. సరిహద్దు లేకపోతే పొలం దున్నలేం. కానీ నీళ్లు సరిహద్దు చూసి పారవు. ఎండా అంతే.

అందరూ సరిగ్గానే చేశారు

వేసవిలో తలమీద బరువు మోసే మనుషుల మీద ఒక ఉమ్మడి పథకం మా దగ్గరికి వచ్చింది. జాలరిపేటలో పొద్దున్న పడవలు ఒడ్డుకు రాగానే ఆడవాళ్లు చేపలు కొని, బుట్టకెత్తుకుని, సీతమ్మధార వైపు వీధుల్లో ఇంటింటికీ తిరిగి అమ్ముతారు. ఎండలు ముదురుతున్నాయి. ఆ ఎండ వల్ల చేపకేమవుతోంది, మనిషికేమవుతోంది అన్నది ప్రశ్న. మూడు శాఖలు చేరాయి: వాతావరణశాస్త్రం, మా రసాయనశాస్త్రం, సమాజశాస్త్రం.

వాతావరణశాస్త్రంలో సత్యనారాయణ గారు. గోదావరి జిల్లా మనిషి. తండ్రి ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి గాజువాకలో స్థిరపడ్డారు. సమాజశాస్త్రంలో విజయలక్ష్మి గారు. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఇద్దరూ తమ పనిలో దిట్టలే.

పని పూర్తయ్యాక మూడు నివేదికలూ కలిపి సెమినార్ హాల్లో చదివాం. గాలి వేడి భరించగలిగేంతలోనే ఉంది. చేప తాజాగానే ఉంది. స్త్రీలు తమ పరిస్థితి ఫరవాలేదనే చెప్పారు. చప్పట్లు కూడా కొట్టారు.

చివరి వరుసలోంచి ఒక పిల్ల లేచింది. నూకరత్నం. నా దగ్గర పరిశోధనకి అప్పుడే చేరింది. తండ్రి వేటకెళ్లే మనిషి. తల్లి పోలమ్మ ఆ బుట్ట మోసేవాళ్లలో ఒకరు.

"సార్, అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఇందులో మాయమ్మ కనబడ్డం నేదు," అంది.

హాల్లో ఎవరో నవ్వారు. సత్యనారాయణ గారు నవ్వలేదు. కాసేపు తన కాగితాల వంకే చూసి, "రాజుగారూ, మనం ఓసారి కూర్చోవాలండీ," అన్నారు.

ఆ మధ్యాహ్నం ముగ్గురం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఎవరం ఏం చేశామో ఒకరికొకరం చెప్పుకున్నాం. పథకం మొదలయ్యాక అలా కూర్చోవడం అదే మొదటిసారి. వాతావరణశాఖ థర్మామీటరుని పద్ధతి ప్రకారం తెల్లటి చెక్కపెట్టెలో, నీడలో, గాలి ఆడేచోట పెట్టింది. అంటే క్యాంపస్‌లో, సముద్రపుగాలి తగిలే దిబ్బ మీద. మా వాళ్లు చేపని ఒడ్డునే కొని, పాడవకుండా ఐసుపెట్టెలో ప్రయోగశాలకి తెచ్చారు. నమూనాని అలాగే తేవాలి. సమాజశాస్త్రం వాళ్లు ఆ ఆడవాళ్లకి పని పాడవకూడదని సాయంత్రం పిలిచి, ఫ్యాన్ కింద కూర్చోబెట్టి, టీ ఇచ్చి మాట్లాడారు. మర్యాద అదే.

"అంటే ఏవిటండీ," అన్నారు సత్యనారాయణ గారు, "నా థర్మామీటరు నీడలో ఉంది, మీ చేప ఐసులో ఉంది, మేడం గారి మనుషులు ఫ్యాను కింద ఉన్నారు. ఇంక ఎండ ఎక్కడుందండీ?"

విజయలక్ష్మి గారు నవ్వడం నేను మొదటిసారి చూశాను.

మాలో ఎవరం తప్పు చేయలేదు. ప్రతి ఒక్కరం మా శాస్త్రం చెప్పినట్టే చేశాం. అలా మూడు సరైన పద్ధతుల మధ్యలోంచి ఎండ జారిపోయింది. శాఖలు కలిసి పనిచేయడం అంటే మూడు నివేదికలకి ఒకే అట్ట వేయడం కాదు. పని మొదలయ్యేముందే ఒకరి పద్ధతి ఒకరు వినాలి. ఆఖరున సెమినార్లో వింటే చప్పట్లే మిగులుతాయి.

గేటు ముందు

ఆ జారిపోయినదాన్ని పట్టుకునే పని నూకరత్నం తీసుకుంది. తల్లితోనూ, ఆ వీధి ఆడవాళ్లతోనూ తనే నడిచింది. ఆగినచోటల్లా మూడు కొలతలు ఒకేసారి తీసేది: రోడ్డు వేడి, బుట్టలో చేప వేడి, మోసే మనిషి ఒంటి వేడి. మూడింటినీ ఒకే కాగితం మీద మూడు గీతలుగా గీసింది.

పోలమ్మని నేను మొదట చూసింది అప్పుడే. వీధి మలుపు తిరిగి వస్తోంది. చిన్నప్పుడు మా ఇంట్లో, నిటారుగా నడవడం మా వంశానికే వచ్చు అనేవారు. నెత్తిన బుట్ట ఉన్న మనిషి వెన్ను అంతకంటే నిటారుగా ఉంటుంది. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి కూతురితో, "ఈ బాబేనేటే మీ సారు? సొక్కాతోపాటు ఈ బాబుకీ ఇస్త్రీ సేసేసినారేటి?" అంది. నూకరత్నం సిగ్గుతో చచ్చిపోయింది. ఆ మాటకి నాకెందుకో కోపం రాలేదు.

గీతలు చూస్తే ఆశ్చర్యమేసింది. చేప చల్లగానే ఉంది. ఉన్న ఐసంతా దానికే. మనిషి గీత పైకి పోతోంది. అదీ మేం అనుకున్నట్టు నడిచేటప్పుడు కాదు. నడుస్తుంటే కాస్త గాలి తగులుతుంది. బుట్ట దించి, అపార్టుమెంటు గేటు ముందు సిమెంటు మీద గొంతుకూర్చుని, బేరమాడి, చేప శుభ్రం చేసి ఇచ్చే సమయంలోనే ఆ గీత నిలువుగా లేస్తోంది. గేటు లోపల రెండడుగుల దూరంలో కార్లు పెట్టుకునే నీడ ఉంది. అందులోకి ఆవిణ్ణి రానివ్వరు.

ఎక్కడ అన్నది థర్మామీటరు చెప్పింది. ఎందుకు అన్నది అది చెప్పలేదు. దానికోసం నూకరత్నం విజయలక్ష్మి గారి దగ్గరికి వెళ్లింది. వాచ్‌మన్లతో, గృహిణులతో, బుట్టలవాళ్లతో మాట్లాడటం నేర్చుకుంది. నీచు వాసన అన్నారు కొందరు. ఎప్పటినుంచో అలవాటన్నారు కొందరు. ఆ మాట చదివినప్పుడు మా పాత దివాణం గుర్తొచ్చింది. చేపలవాళ్లకి దొడ్డి గుమ్మం ఉండేది. గుమ్మం మీద పందిరి లేదు. వద్దని ఎవరూ అనలేదు, కావాలని ఎవరికీ తోచలేదు.

ఆ వేసవి మధ్యలో నూకరత్నం నా గదికి వచ్చి, చదువు మానేస్తానంది. ప్రైవేటు ల్యాబులో ఉద్యోగం చూసుకుందట. "గీతలు గీస్తన్నాను సార్, మాయమ్మ మాత్రం అదే ఎండలో కూకుంటోంది. నాను జీతం తెస్తే ఆమి మానేస్తాది."

మర్నాడు పోలమ్మ స్వయంగా వచ్చింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"బాబూ, మా గుంట సదువు ఒగ్గేత్తానంతంది. అది ఒగ్గేస్తే నాను బుట్ట ఒగ్గను. మద్దాన్నమే తిరుగుతాను, పంతానికి. దానికి డాక్టరు పట్టా ఒచ్చిన్రోజు నించి మిట్టమద్దాన్నం బుట్టెత్తను. పోలమాంబ మీద ఒట్టేసీసినాను. ఇగ దాని ఇష్టం, మీ ఇష్టం."

తల్లి ఎండలోంచి నీడలోకి రావడానికి ఒక్కటే దారి. కూతురి థీసిస్. ఆవిడ దాన్ని అలా కట్టేసి వెళ్లిపోయింది. నూకరత్నం ఏడ్చి, మళ్లీ పనిలో కూర్చుంది.

నిలబడటం

థీసిస్ పూర్తయింది. కమిటీలో ఆగిపోయింది.

మా శాఖ కమిటీ, గేట్ల అధ్యాయం తీసేయమంది. గేటు రసాయనశాస్త్రం కాదట. సమాజశాస్త్రం కమిటీ, కొలతల అధ్యాయాలు తీసేసి తమ దగ్గర కొత్తగా నమోదు చేసుకోమంది. రెండూ ఉంటేనే అది థీసిస్. ఒకటి తీసేస్తే ఎక్కడో తెలుస్తుంది, ఎందుకో తెలియదు. లేదా ఎందుకో తెలుస్తుంది, ఎంతో తెలియదు. కొత్తగా నమోదు అంటే మళ్లీ కొన్నేళ్లు. అంటే పోలమ్మకి మళ్లీ కొన్ని వేసవులు. ఫైలు డీన్ గారి బల్ల మీదికి చేరింది.

డీన్ గారు మంచి మనిషి. సంతకమంటేనే భయం. నేను వెళ్లాను. "కూర్చోండి," అన్నారు. మా నాన్నగారు ఒక మాట చెప్పేవారు: అడగడానికి వెళ్లినచోట కూర్చోకూడదు, కూర్చుంటే కబుర్లలో పడి అడగడం మరిచిపోతాం. "ఫైలు చూడండి, కూర్చుంటాను," అన్నాను. ఆయన చూడలేదు. నేను కూర్చోలేదు. మర్నాడు ఆఫీసు తెరిచే వేళకి మళ్లీ వెళ్లి నిలబడ్డాను. ఆ మర్నాడూ అంతే. వచ్చిపోయేవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడేవారు. అటెండరు జాలిపడి ఒక స్టూలు తెచ్చాడు. దాన్ని పక్కకి పెట్టించాను.

చివరికి డీన్ గారే కలం కింద పెట్టారు. "రాజుగారూ, మీరు ఇలా నిలబడితే నాకు ఏ ఫైలూ కనబడటం లేదు. మీరే కనబడుతున్నారు."

"అది ఎండలో కూర్చునే మనుషుల గురించిన ఫైలండీ. నీడలో నిలబడటానికి నాకేం కష్టం లేదు."

ఆయన ఫైలు తెరిచారు. గేట్ల అధ్యాయమే ముందు చదివారు. "మా అపార్టుమెంటుకీ వస్తారు. మా వాచ్‌మనూ బయటే కూర్చోబెడతాడు. మా ఆవిడ పైనుంచి తాడుకి చిన్న బుట్ట కట్టి దింపుతుంది," అన్నారు. థీసిస్ రసాయనశాస్త్రంలోనే ఉండేటట్టు, విజయలక్ష్మి గారు కూడా గైడుగా ఉండేటట్టు, పరీక్షకులు రెండు శాఖలనుంచీ వచ్చేటట్టు రాసి సంతకం పెట్టారు. అప్పుడు కూర్చున్నాను. కాళ్లు చాలా నొప్పిగా ఉన్నాయి.

కొత్తగా వచ్చిన మీకు ఇక్కడ ఒక మాట. పర్యావరణ కేంద్రం అని బోర్డు రాయించి, భవనం కట్టించి, ఆ తర్వాత పని వెతుక్కునేవాళ్లని చూశాను. బోర్డు తర్వాత పెట్టుకోండి. ముందు ఇద్దరు గైడులున్న ఒక్క విద్యార్థికి దారి తెరవండి. ఒకసారి తెరిచిన దారిలో తర్వాతివాళ్లు నడుస్తారు. మా దగ్గర అలాగే నడిచారు. మీ నడుము వంగదని ఎవరైనా అంటే బాధపడకండి. వంగని నడుముకీ ఒక పని ఉంటుంది, అది మన కుర్చీ కోసం కాకపోతే.

తలుపు తెరిచిన వైవా

వైవా నోటీసులో ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది: ఆసక్తి ఉన్నవారెవరైనా రావచ్చు అని. ఎవరూ రారు. నలుగురు స్కాలర్లు వస్తారు, సమోసాల కోసం. నూకరత్నం ఆ వాక్యాన్ని నిజమని నమ్మి తన వీధిలో చెప్పింది.

ఆ రోజు పోలమ్మ, ఆవిడ తోటివాళ్లు అమ్మకం మధ్యలోనే వచ్చారు. బుట్టలు వరండా నీడలో దించారు. అటెండరు ముక్కు మూసుకుని, "హాల్లోకి ఈళ్లేటండీ?" అన్నాడు.

"నోటీసు చదివి వచ్చినవాళ్లు. తలుపు పూర్తిగా తియ్యి," అన్నాను.

వెనక వరుసలో కూర్చున్నారు. పోలమ్మ ఒళ్లో చుట్టకుదురు ఉంది. నెత్తికీ బుట్టకీ మధ్య పెట్టుకునే ఆ గుడ్డచుట్టని ఆవిడ రెండు చేతులతో పట్టుకుంది. వచ్చినవాళ్లకి అర్థమయ్యేలా తెలుగులోనే జరుపుదామని విజయలక్ష్మి గారు అన్నారు. బయటినుంచి వచ్చిన రసాయనశాస్త్రం పరీక్షకుడు గట్టివాడని పేరున్న మనిషి. ఆయన సరేనన్నారు.

నూకరత్నం బాగా చెప్పింది. అడిగినవాటికి తడుముకోలేదు. అప్పుడాయన మూడు గీతల పటం దగ్గర ఆగారు.

"ఈ గీత ఇక్కడ ఇంత పైకి పోయింది. ఇది మనిషి ఒళ్లు. ఈ స్థితిలో వడదెబ్బ కొట్టి పడిపోవచ్చు. మీరు పక్కనే ఉన్నారు. కొలుస్తున్నారు. ఎందుకు ఆపలేదు?"

నూకరత్నం పటం వంక చూసి, తర్వాత వెనక వరుస వంక చూసింది. గైడు జవాబు చెప్పకూడదు. ఆ ప్రశ్నలో న్యాయముంది. దానికి జవాబు లేకపోతే పట్టా ఆపే అధికారమూ ఆయనకుంది. సత్యనారాయణ గారు నా వైపు చూశారు. నేను బల్ల వైపు చూశాను.

వెనక వరుస కదిలింది.

"ఆపింది బాబూ," అంది పోలమ్మ. లేచి నిలబడింది. "ఆపకేటి. నడిరోడ్డు మీద బుట్ట అట్టుకుని నాగింది. 'అమ్మా, సాలు, నీడకి రా' అని ఏడిసింది. నానే ఇన్నేదు. మద్దినో ఆపేస్తే ఈ సదువు సెడిపోద్దేమో, డాక్టరు రాదేమో అని బయపడిపోనాను. ఆ గీత మీదకెల్లింది నా మొండితనానికి బాబూ. దాన్నేటనకండి."

పరీక్షకుడు కళ్లద్దాలు తీశారు. "ఈ గీత మీరేనామ్మా?"

"నానే. నల్లది నాదీ, నీలంది సేపదీ. సేపే నయం, సల్లగుంది."

వెనక వరుసంతా నవ్వింది. ఆయనా నవ్వారు. ఆ నవ్వు పూర్తికాకుండానే నూకరత్నం వైపు తిరిగారు.

"ఇది థీసిస్‌లో ఎందుకు రాయలేదు?"

"మాయమ్మ కద సార్," అందా పిల్ల. "పరిశోధనలో అమ్మని ఎలా రాయాలో తెలీలేదు."

"రాయండి. ఆపారని, ఆమె ఆగలేదని, ఎందుకు ఆగలేదో కూడా రాయండి. ఎండ మనిషి మీద ఎలా పనిచేస్తుందో అది లేకుండా పూర్తికాదు."

తర్వాత అందర్నీ బయటికి పంపి మేం లోపల మాట్లాడుకున్నాం. ఎక్కువసేపు పట్టలేదు. అభ్యర్థిని లోపలికి పిలవడం గైడు పని. వరండాలోకి వచ్చాను. తల్లీకూతుళ్లు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు.

"డాక్టర్ నూకరత్నం గారూ, లోపలికి రండి," అన్నాను.

ఆ పిల్ల కదల్లేదు. తల్లే మోచేత్తో పొడిచింది. "నిన్నేనే."

బయట ఎండ నడినెత్తికి వచ్చింది. బుట్టలో ఇంకా చేపలున్నాయి. తోటి ఆవిడొకరు వేళాకోళంగా, "ఓలప్పా, ఇంకా సగం బుట్టుంది. సీతమ్మదార ఎల్తావేటి?" అంది.

ఆ తర్వాత ఈ ఊళ్లో గేట్లన్నీ తెరుచుకున్నాయని నేను చెప్పను. డీన్ గారి అపార్టుమెంటు గేటు తెరుచుకుంది. ఇంకా కొన్ని తెరుచుకున్నాయి. మిగతావాటి సంగతి మీరు చూడాలి.

పోలమ్మ వరండా అంచుదాకా వెళ్లి ఆ ఎండని ఒకసారి చూసింది. "ఎల్లను. ఒట్టేసీసినాను కదేటి," అంది. చుట్టకుదురు కొస వెతికి పట్టుకుని చుట్ట తరవాత చుట్ట విప్పింది. పాత చీరముక్క. విప్పినా మడతలు పోలేదు. దాన్ని ఒకసారి దులిపి, దాంతోనే కూతురి మొహం తుడిచి, లోపలికి పంపింది.